పై అరలోని ఎర్ర కళ్ల ఈగలు

1998వ సంవత్సరం. మా కొండాపూర్ పక్కన హైటెక్ సిటీ కోసం బండలు పేలుస్తున్న రోజులు. పేలుడు వినిపించినప్పుడల్లా మా ల్యాబ్ కిటికీలు అదిరేవి, అరల్లోని సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. చుట్టుపక్కల అందరూ కంప్యూటర్ల గురించి మాట్లాడుకుంటుంటే నేను ఆ సీసాల్లోని ఈగలకు వంట చేసేదాన్ని. నవ్వొస్తే నవ్వండి. పందొమ్మిదేళ్లు చేశాను, ఒక్క రోజు సిగ్గుపడలేదు.

అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలుంటాయే, అవే. ల్యాబ్‌లో వాటి పేరు డ్రోసోఫిలా. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్ట్, గడ్డకట్టడానికి అగర్ అనే పొడి కలిపి ఉడకబెట్టి, చిన్న గాజు సీసాల్లో పోసి, ఈగలను వదిలి, దూది బిరడా పెట్టాలి. మేత పలచనైతే ఈగలు అందులోనే మునిగి చస్తాయి. మరీ గట్టిపడితే గుడ్లలోంచి వచ్చిన పురుగులు తినలేవు. నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక. కానీ సీసా ఎత్తి చూస్తే అందులోని మేత ఎన్ని రోజులదో చెప్పేదాన్ని.

ల్యాబ్ పెద్ద ఒక డాక్టరుగారు. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. కాకినాడ వైపు మనిషి. నేను మేత వండే ఈగలతో ఏం చేస్తారో చెప్పమని ఒకసారి గట్టిగా అడిగాను. తప్పించుకోలేదు, కూర్చుని చెప్పారు.

"దారపు కండె చూశారు కదండీ నర్సమ్మగారూ? కణంలో జన్యువులుండే పొడుగాటి దారం కూడా అలాగే చిన్న చిన్న కండెలకు చుట్టుకుని ఉంటుంది. ఆ దారం, కండెలు అన్నీ కలిపి క్రోమాటిన్ అంటాం. వదులుగా చుట్టిన చోట జన్యువు పనిచేస్తుంది. బిగించి చుట్టిన చోట నోరు మూసుకుంటుంది. దాన్ని జీన్ సైలెన్సింగ్ అంటాం."

"మరి ఎక్కడ బిగించాలె, ఎక్కడ వదలాలె, ఎవరు చెప్తరు సారూ?"

"దానికి వేరే జన్యువులున్నాయండి. మనం వెతికేది వాటినే."

మా దగ్గర ఒక జాతి ఈగలుండేవి. వాటి కంటికి ఎరుపునిచ్చే జన్యువు, బిగించి చుట్టిన భాగానికి పక్కన పడిపోయింది. అందుకని కొన్ని కణాల్లో పనిచేసి, కొన్నింటిలో చేయక, కన్ను ఎరుపూ తెలుపూ మచ్చలుగా ఉండేది. బిగించే జన్యువేదైనా పాడైతే చుట్టు వదులై, కన్నంతా ఎర్రబడుతుంది. అంటే కంటి రంగు చూసి లోపలి బిగింపు తెలుసుకోవచ్చు.

అనంతపురం అమ్మాయి సునీత, పీహెచ్‌డీ విద్యార్థిని, అలాంటి జన్యువు ఒకదాని వెనక రెండేళ్లు పడింది. బిగింపు దాని పనేనని మూడు వారాల్లో కమిటీ ముందు చూపించాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, పని సగంలో వదిలి ఇంటికి పోవాల్సిందే. అలాంటప్పుడు ఒక పొద్దున మైక్రోస్కోప్ మీంచి లేచి కేక పెట్టింది. ఆ జన్యువును పాడుచేసిన ఈగలన్నిటికీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. జన్యువు బాగున్న ఈగలకు, అంటే పోల్చి చూడటానికి పెంచే కంట్రోల్ ఈగలకు, ఎప్పటిలాగే మచ్చలు. డాక్టరుగారు మైసూర్‌పాక్ తెప్పించారు. నేనూ తిన్నాను.

తిని, ఆ సీసాలు కడగడానికి పట్టుకెళ్లాను. ఎర్ర కళ్ల ఈగల సీసాల్లో మేత అప్పటికే ఎండి గాజు వదిలేసింది. కంట్రోల్ సీసాల్లో ఇంకా మెత్తగానే ఉంది. రెండూ నేను ఒకే రోజు, ఒకే గిన్నెలోంచి పోసినవి. తిరిగి వెళ్లి సునీతను అడిగాను.

"బిడ్డా, నీ ఎర్ర కండ్ల ఈగలు ఏ అరల పెంచినవ్?"

"పై అరలో అక్కా. ముఖ్యమైనవి కదా, కింద పెడితే చీమలు పడతాయి."

"కంట్రోలువి?"

"కింద."

మా ల్యాబ్‌లో అందరి అలవాటూ అదే. ప్రాణంగా చూసుకునేవి పైన, కంట్రోలువి కింద.

"పై అరల ఉడుకు ఎక్కువుంటది. ఉడుక్కి గీ ఈగల కండ్లు ఎర్రగైతయ్, ఎండకాలం కరెంటు పోయినప్పుడు చూస్తలేమా? మరి గిది నీ జన్యువు చేసిందా, పై అర చేసిందా?"

ఈ అరలున్న, ఈగలను ఒకే వేడిలో ఉంచే బీరువాను ఇంక్యుబేటర్ అంటారు. దాని తలుపు మీద ఇరవై ఐదు అని అంకె వెలుగుతుండేది. సునీత దాని వైపు చెయ్యి చూపించింది.

"ఇరవై ఐదని అంత పెద్దగా కనపడ్తాంది కదక్కా! చదువుకో."

ఆ మాట గుచ్చుకుంది. నేనూ ఊరుకునే రకం కాదు.

"చదివిన. నా మేతకే చదవరాదు. పైన రెండు దినాలు ముందే ఎండుతది. ఎందుకెండుతదో నువ్వు చెప్పు."

"ఇదంతా స్వీటు తినకముందు చెప్పుంటే ఏం పోయింది నీకు?"

"సీసాలు కడగనిది నాకెట్ల తెలుస్తది?"

ఆమె ఏడుస్తూ బయటకు పోయింది. డాక్టరుగారు రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకటి పైన, ఒకటి కింద పెట్టారు. మర్నాడు చూస్తే పైన రెండు డిగ్రీలు ఎక్కువ. "మొత్తం మళ్లీ చేయాల్సిందేనండి" అన్నారు. గుడ్డు ఈగ కావడానికి పది పన్నెండు రోజులు. కమిటీ గడువుకు సరిగ్గా సరిపోతుంది, ఒక్క సీసా పాడైనా సరిపోదు.

ఈసారి రెండు రకాల ఈగలనూ రెండు అరల్లోనూ సగం సగం పెట్టాం. రోజూ పొద్దున్నే పైవి కిందికి, కిందివి పైకి మార్చే పని నేను తీసుకున్నాను. ఆదివారాలు కూడా వచ్చాను. వారం రోజులు సునీత నాతో మాట్లాడలేదు. సీసా అందుకునేటప్పుడు కూడా ముఖం అటే.

నేను దాచిన తప్పూ ఒకటుంది. ఆ పాడైన జన్యువును తరతరాలుగా నిలిపి ఉంచే సీసాల్లో రెండు నెలలుగా నల్లటి నలకలు కనబడుతున్నాయి. బెల్లం మాడి ఉంటుందనుకున్నాను. నా చేతి మేత మాడిందంటే పరువేం కావాలి? ఎవరూ చూడకముందే గీకి పారేసేదాన్ని. కానీ ఆ పిల్ల తప్పు ముఖాన చెప్పి, నాది దాచుకుంటే అన్నం దిగలేదు. ఒక సీసా తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను.

"బిడ్డా, నా బెల్లం మాడింది. రెండు నెలల సంది దాస్తున్న. తిడితే తిట్టు."

తిట్టడానికి దొరికిందన్నట్టే సీసా లాక్కుని మైక్రోస్కోప్ కింద పెట్టింది.

"అక్కా, ఇది బెల్లం కాదు. పురుగు లోపల ఉండాది."

ఆ నలకలు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు ప్రతులు రెండూ పాడైన పురుగులవి; మేం కళ్లు చూసే ఈగల్లో ఒక్క ప్రతే పాడైంది. ఈగ కాకముందే చచ్చిపోతున్నాయి. వాటిని కోసి చూస్తే రక్తకణాలు అదుపు లేకుండా పెరిగి, ముద్దకట్టి, నల్లబడి ఉన్నాయి. అవి గడ్డలు. అదే గిన్నె మేత తిన్న వేరే సీసాల్లో ఒక్క నలకా లేదు. నా వంట బాగానే ఉంది. ఆ ఆలోచన నాకు ముందే రావాల్సింది, భయం రానివ్వలేదు.

"అంటే కేన్సరా సారూ?" అని అడిగాను.

డాక్టరుగారు తొందరపడే మనిషి కాదు. "ఈగలో గడ్డ, మనిషిలో కేన్సరు ఒకటి కాదండి. కానీ ఈ జన్యువును పోలినది మనలోనూ ఉంది. నోరు మూసుకుని ఉండాల్సిన జన్యువులు మేలుకుంటే కణం ఆగాల్సిన చోట ఆగదు. కాపలా కాసే జన్యువుల నోరు మూసేసినా అంతే. బిగింపు ఎటు తప్పినా ప్రమాదమే. అందుకే ఇంత వెతుకులాట."

కమిటీ రోజున నన్ను కూడా వెనక కుర్చీలో కూర్చోమన్నారు. కొత్త లెక్కలో కంటి ఎరుపు తేడా సగానికి సగం తగ్గింది. ఆ సగం పై అర వేడి చేసిన మాయ. మిగిలిన సగం మాత్రం పై అరలోనూ ఉంది, కింది అరలోనూ ఉంది. బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్లజోడు సర్దుకుని మొదటి ప్రశ్నే వేశాడు.

"ఇవి వేడికి మారే కళ్లు. ఇంక్యుబేటర్‌లో అరకూ అరకూ తేడా చూశారా అమ్మా?"

సునీత నవ్వింది.

"చూసినాం సార్. రెండు డిగ్రీలుంది. రోజూ సీసాలు మార్చినాం. ఆ తేడా పట్టిందీ, మార్చిందీ మా నర్సమ్మక్క. ఆ వెనక కూర్చుండేది ఆమెనే."

ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూసి తల ఊపాడు. తర్వాత నల్ల గడ్డల బొమ్మలు చూసి, "దీని మీద ఇంకో రెండేళ్లు చెయ్యి" అన్నాడు. ఫెలోషిప్ నిలిచింది.

ఆ పాత లెక్కతోనే వెళ్లి ఉంటే ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆ పిల్ల రెండేళ్ల కష్టం కూలిపోయేది. నేను నేర్చుకున్నది ఇదే. చూసింది చెప్పాలి, స్వీట్లు పంచాక కూడా చెప్పాలి. చెబితే ఉత్తది రాలిపోతుంది, నిజం ఎంతుందో అంత మిగులుతుంది. మన తప్పనుకుని దాచుకున్నదాంట్లో కూడా ఒక్కోసారి పెద్ద సంగతే ఉంటుంది.

నేను పని మానేసేదాకా ఆ ల్యాబ్‌లో రోజూ పొద్దున్నే సీసాల అరలు మార్చేవారు. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కుంటూ, ఈ పని ఎవరు పెట్టారని అడిగేవాళ్లు.

"నేనే పెట్టిన. మార్చు" అనేదాన్ని.