చిల్లు పెట్టని డబ్బా

మలేసియాలోని క్లాంగ్‌లో నేను అద్దెకుంటున్న ఇంట్లో, దుకాణం నుంచి ఏ డబ్బా వచ్చినా అరలోకి వెళ్లేముందు దానికి మేకుతో చిల్లు పడాల్సిందే. పాలడబ్బా అయినా, చేపల డబ్బా అయినా అంతే. ఇంటావిడ పైడమ్మ మామ్మకు ఎనభై దగ్గరపడుతున్నాయి. అనకాపల్లి నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నేనిది చాదస్తం అనుకుని ఆటపట్టించాను. "సిల్లెట్టకపోతే అయ్యను అట్టుకుపోతారమ్మీ" అందావిడ. ముఖంలో నవ్వు లేదు. మొన్నామధ్య సుంగై సిపుట్ నుంచి వాళ్లన్నయ్యకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. "అన్న పోకముందు ఒక్క మాట అడగాల. తోడొస్తావేటి?" అంది. డెబ్బై ఏళ్లుగా అడగడానికి భయపడిన మాటట.

శనివారం పొద్దున ఆరింటికి కమ్యూటర్ రైలెక్కి రాజధానిలోని కేఎల్ సెంట్రల్ స్టేషన్లో దిగాం. అక్కడినుంచి ఇపోకి వేగంగా వెళ్లే రైలుంది. మాకు మనిషికి యాభై రింగిట్లలోపే అయింది, ప్రయాణం రెండున్నర గంటలు. వారాంతాల్లో సీట్లు దొరకవు, ముందే బుక్ చేసుకోవడం మంచిది. ఆ రైల్లోనే మామ్మ సంగతంతా చెప్పింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా, రష్యా లోకాన్ని చెరోవైపు లాగుతున్న రోజులవి. ఇక్కడ తెల్లదొరల ప్రభుత్వానికీ అడవిలోని కమ్యూనిస్టులకూ పోరు మొదలైంది. సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు ఎస్టేట్లలో దొరలను కాల్చి చంపడంతో దేశమంతటా అత్యవసర పరిస్థితి పెట్టారు. అడవికి తిండి చేరకూడదని ఎస్టేటు ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. బియ్యం కొలిచి ఇచ్చేవారు. డబ్బాలు దాచిపెట్టి అడవికి పంపకుండా, లోపలిది నిలవుండకుండా, అమ్మేటప్పుడే చిల్లు పెట్టించేవారు.

వాళ్ల నాన్న ఎస్టేటులో గుమస్తా. ఒకరోజు ఆరేళ్ల మామ్మ గౌనులో చిల్లులేని పాలడబ్బా దాచి, గేటు దాటి రబ్బరుచెట్ల కింద పెట్టి రమ్మన్నాడట. ఆమె పెట్టి వచ్చింది. మర్నాడే సిపాయిలు ఆయన్ని లారీ ఎక్కించారు. తర్వాత ఓడలో ఇండియా పంపేశారని తెలిసింది గానీ, మళ్లీ మనిషిని చూసిందిలేదు. "గేటు కాడ నా కాళ్లు వణికినాయి. సిపాయి సూసినాడేమో. నా వల్లే అయ్య పోయినాడేమో. అన్నకి తెల్సును" అంటూ మామ్మ కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇపోలో రానూపోనూ నూటయాభై రింగిట్లకు కారు మాట్లాడుకున్నాం. నలభై నిమిషాల దారి. ఉత్తచేతులతో వెళ్లడం ఎందుకని స్టేషన్ దుకాణంలో పాలపొడి డబ్బా కొని సంచిలో వేశాను. నా బుర్ర ఏమైపోయిందో, చిల్లు సంగతి ఆ క్షణాన తోచనేలేదు. దారిలో పోలీసులు బళ్లు ఆపుతున్నారు. అద్దం ఇంకా దించకముందే మామ్మ గుర్తింపు కార్డు తీసి ఎత్తి పట్టుకుంది. ఆ కార్డులు మొదలైంది కూడా ఆ రోజుల్లోనేనట. "వాళ్లు చూసేది నా లైసెన్సు లా, పాటీ" అన్నాడు తమిళ డ్రైవరు. పాటీ అంటే తమిళంలో అవ్వ; మాట చివర లా తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు. నా పాస్‌పోర్టు క్లాంగ్‌లోనే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది. అదృష్టం, వెళ్లమని చెయ్యి ఊపారు.

అన్నగారికి ఎనభైనాలుగేళ్లు. కోడలు టీ ఇచ్చింది. నేను డబ్బా తీసి బల్లమీద పెట్టాను. ఆయన చేతిలో కప్పు ఆగిపోయింది.

"ఏటిది? సిల్లేదీ?"

లేచి వీధితలుపు మూసి, గోడకు వేలాడుతున్న మేకు తీసి, డబ్బాకు రెండు చిల్లులు పొడిచాడు. మామ్మ వంటింట్లో మేకులాంటిదే అది.

"ఏ ఆపీసు నుంచొచ్చినావు? ఎవలు పంపినారు?" అనడిగాడు నన్ను.

"మాది అనకాపల్లి, తాతయ్యా. మామ్మకు తోడొచ్చాను" అన్నాను. నమ్మలేదు. మామ్మ నోరు తెరవబోతే, "మాటాడకు. కొత్త మనిసుంది" అన్నాడు. భోజనమంతా గిన్నెల చప్పుడుతోనే గడిచింది. వచ్చిన పని నా వల్లే చెడిందని భయం పట్టుకుంది.

మూడింటికి కారెక్కాం. కోడల్ని లోపలికి పంపేసి, ఆయన ఒక్కడే కర్ర పట్టుకుని వచ్చి మామ్మ కిటికీ దగ్గర వంగాడు. ఆవిడ ఏం అడగడానికి వచ్చిందో ఆయనకు తెలిసినట్టే ఉంది.

"నువ్వు కాదే, సెల్లీ. గేటు కాడ సిపాయి బిస్కట్టిచ్చి, ఇంట్లో సిల్లులేని డబ్బా ఉండేదేటి అనడిగినాడు. నానే ఉండేదన్నాను." తర్వాత నావైపు చూసి, "రాయొద్దమ్మీ" అన్నాడు. లోపలికి వెళ్లాక గడియ పడిన చప్పుడు కారులోకి వినిపించింది.

 ఇపో స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాక మామ్మ అంది: "పదకొండేళ్లమ్మీ అప్పుడు అన్నకి. ఆకలి లా." చీరకొంగు సర్దుకుని, "ఆ బిస్కట్టు తిన్నాడో లేదో అడగనేదు" అంది.

ఆయన రాయొద్దన్నాడు. మామ్మ మాత్రం పేర్లూ గుర్తులూ మార్చి రాయమంది, ఎవరో ఒకరు చెప్పాలి కదా అని. రాస్తున్నాను గానీ ఆ గడియ చప్పుడు గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి ఆగుతోంది. రెండు పెద్ద దేశాల పంతం పుస్తకాల్లో ఎప్పుడో ముగిసిపోయింది. మామ్మ ఇక మారుతుందని ఆశపడ్డాను. ఆదివారం పాలడబ్బా తెచ్చి, ముందు మేకే తీసింది. ఈసారి నేను నవ్వలేదు, డబ్బా కదలకుండా పట్టుకున్నాను.

మీరు అటు వెళ్తే పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. పెద్దవాళ్లున్న ఇంటికి ఏదైనా తీసుకెళ్లాలనిపిస్తే పళ్లు తీసుకెళ్లండి, డబ్బా మాత్రం వద్దు.