మరియదాసు గారి అంచనా

మరియదాసు గారికి ఎదుటివారి మొహం కంటే ముందు బరువు కనపడేది. పెళ్లిచూపుల్లో పిల్లతో ఏమైనా మాట్లాడమంటే, తెరేసమ్మను ఒకసారి తలెత్తి చూసి "నలభై నాలుగు కిలోలు" అన్నారు. ఆమె తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. తెరేసమ్మ మాత్రం, తనను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరని, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానంది.

ఆయన విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. కాటా లేకుండా మనుషులు బరువు ఎలా పోల్చుకుంటారన్నది ఆయన పరిశోధన. అందుకోసం సంతలు, ఆసుపత్రులు, రైల్వే పార్సిలు ఆఫీసు, అన్నీ తిరిగేవారు. మేకను చూడగానే బరువు చెప్పే బేరగాడి చేతిలో కొండపల్లి బొమ్మ పెడితే తెల్లమొహం వేశాడట. ఆ బొమ్మ చెక్కే ఆయనకు చంటిపిల్లను అందిస్తే ఆయనా అంతే. ఎవరి చెయ్యి వాళ్ల పనికే అలవాటు పడుతుందని, ఆ హద్దు దాటగలిగే మనిషి ఉంటాడా అన్నదే తన ప్రశ్న అని అన్నం తింటూ భార్యకు చెప్పేవారు. ఆ మనిషి తానేనని ఆయనకు లోలోపల నమ్మకం.

ఆ నమ్మకం వల్ల తెరేసమ్మకు వాళ్లుండే పటమటలో తలెత్తుకు తిరగడం కష్టమైంది. గుడి మెట్ల మీద ఆయన ఫాదరు గారికి దండం పెట్టి, పండక్కి మూడు కిలోలు పెరిగారని చెప్పేవారు. బాప్తిస్మానికి తెచ్చిన బిడ్డను ఎత్తుకుంటే, ఫాదరు గారు పేరు చెప్పేలోపే ఈయన బరువు చెప్పేవారు. ఆయన వీధిలోకి వస్తుంటే పక్కింటి పద్మావతమ్మ గారు తలుపు చాటుకు తప్పుకునేది. ఎవరైనా కాదంటే వాళ్లను రైల్వే స్టేషనులో బరువు చూసే మిషను దాకా లాక్కెళ్లేవారు. మిషను కూడా ఆయన మాటే చెప్పేది. కాస్త తగ్గించి చెబితే ఏం పోయిందండీ అని తెరేసమ్మ పోరితే, అది తన వల్ల కాదనేవారు.

డెబ్బై ఆరో సంవత్సరం వేసవిలో తెరేసమ్మకు అన్నం సయించడం మానేసింది. కడుపులో గడ్డ ఉందన్నారు. డాక్టరు మరియదాసు గారిని పక్కకు పిలిచి ఏదో మాట్లాడాడు. అదేమిటో ఆయన ఇంట్లో చెప్పలేదు. ఆనాటి నుంచి కాలేజీ వదలగానే ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి భార్యను తేరిపార చూసి, "నలభై ఎనిమిది. నిన్నటి మీద నయమే" అనేవారు. నలభై ఎనిమిది కాస్తా నలభై తొమ్మిదైంది. వానలు పడేసరికి యాభై.

తెరేసమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అక్క మార్త వచ్చినప్పుడల్లా జాకెట్లు బిగించి కుట్టి వెళ్లేది. ఆయన చూపు ఎంత నికరమైనదో తెరేసమ్మకు తెలియనిది కాదు. అయినా సాయంత్రమయ్యేసరికి జడ వేసుకుని, ఆ మాట కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. పరిశోధన కాగితాలు అటక ఎక్కాయి. గైడు గారు కబురంపితే, ఈ ఏడాది తీరదని చెప్పించారు.

నవంబరులో ఆసుపత్రిలో చేర్చారు. నర్సు తెరేసమ్మను కాటా ఎక్కించి, "ముప్పై ఆరు" అని పైకే చదివింది. ఇంట్లో బయలుదేరేటప్పుడు ఆయన చెప్పింది యాభై ఒకటి. మరియదాసు గారు గొంతు సవరించుకున్నారు.

"మీ మిషను బాగాలేదండీ."

నర్సు ఆయన వంక వింతగా చూసింది. తెరేసమ్మ మెల్లగా కాటా దిగి, ఆయన భుజం పట్టుకుంది.

"ఆయన చెప్పిందే రాసుకోమ్మా" అంది.

వార్డు పైఅంతస్తులో. ఆమె మెట్లు ఎక్కలేకపోతే ఆయనే చేతుల మీద ఎత్తుకున్నారు. ఎత్తుకోగానే ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. అంతలోనే సర్దుకుని, నాలుగు మెట్లు ఎక్కి, గోడకు ఆనుకుని రొప్పడం మొదలుపెట్టారు.

"కాస్త ఆగనీవే తెరేసా. నడుం పట్టేసింది."

"మరి పొద్దున్నా సాయంత్రం నాకు ఆ గుడ్లూ పాలూ కుక్కింది ఎవరంట?"

అని ఆయన మెడలో మొహం దాచుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా మరియదాసు గారు ఆ మెట్టు మీదే నిలబడి, ఆయాసపడుతూనే ఉన్నారు.