లొవీనియా గడప కింది వేరు

లొవీనియా టల్ మిస్సోరీలో పుట్టింది. పుట్టడంలో ఆమె ఇష్టాయిష్టాలకు ఎంత విలువ ఇచ్చారో, ఆ తరవాత ఆమె ఎక్కడ ఉండాలన్న విషయంలోనూ అంతే విలువ ఇచ్చారు. యజమాని పొగాకు తోట అమ్ముకుంటే ఒక ఊరు, యజమాని కూతురు కాపురానికి వెళితే సారెతోపాటు ఇంకో ఊరు. బానిసతనం వదిలించుకుని కాలిఫోర్నియా చేరితే, నల్లవాళ్ళు ఇక్కడెందుకని అక్కడి పెద్దమనుషులు చట్టాలు రాయడం మొదలుపెట్టారు. అప్పుడు ఉత్తరానికి వెళ్ళే ఓడ ఎక్కి, భర్త ఎఫ్రాయిమ్ వెంట, అలాంటి చట్టాలు లేని మా దీవిలో దిగింది.

ఎఫ్రాయిమ్ దుంగలతో ఒంటిగది ఇల్లు కట్టి, పలకల కప్పు వేసి, ఇనప పొయ్యి పెట్టాడు. లొవీనియా గడప లోపల నిలబడి, రాజ్యాభిషేకం జరిగినంత గంభీరంగా ఒక ప్రకటన చేసింది.

"ఇదిగో, చెబుతున్నా వినండి. నలుగురు మోసుకుపోతే తప్ప ఈ ఇంట్లోంచి నేను కదలను. పొమ్మన్నవాడి మొహాన మరిగే నీళ్ళు పోస్తాను."

వాగుకు వెళ్ళేది, ఆల్చిప్పల కోసం ఒడ్డుకు వెళ్ళేది, బంగాళాదుంపల మడికి వెళ్ళేది. పొద్దుగూకేసరికి మాత్రం ఆ కప్పు కిందికి రావలసిందే. మా చర్చి పాదిరి గారు రెండు రోజుల ప్రార్థనా సభలకు రమ్మని పిలిస్తే, దేవుడు అన్నిచోట్లా ఉంటాడు గనక తమ ఇంటికే రావచ్చునని కబురు పంపింది.

ఇరుగుపొరుగుల విషయానికొస్తే, ఒకపక్క నాహులు అనే అతను ఉండేవాడు. హవాయి దీవులవాడు, తోళ్ళ కంపెనీ పడవల్లో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అతని భార్య అగాథ కవిచన్ జాతి మనిషి. మేమంతా రాకముందు నుంచీ ఈ దీవి ఆమె వాళ్ళదే. ఆ సంగతి ఆమె మర్యాద కొద్దీ ఎన్నడూ ఎత్తేది కాదు, రోజుకు రెండు మూడుసార్లు తప్ప. రెండోపక్క, ఉత్తర సముద్రంలోని ఆర్క్నీ దీవుల నుంచి వచ్చిన మాగ్నస్ ఇస్బిస్టర్. ఆర్క్నీలో చెట్లన్నవే ఉండవు. అందుచేత చెట్ల మీద అతనికి లెక్కలేనన్ని అభిప్రాయాలు. ఎవరి భాష వారిదే అయినా తిట్లు మాత్రం దీవి ఉమ్మడి ఆస్తి.

టల్ దంపతుల ఇంటి దగ్గర దేవదారు లాంటి ఒక ఫర్ చెట్టు ఉండేది. ఆరుగురు చేతులు కలిపినా అందని మాను. దాని నీడ దుంపల మడి మీద పడి, దుంపలు గోలీకాయల్లా ఊరేవి. గొడ్డలితో కొట్టాలంటే ఎఫ్రాయిమ్‌కు సగం ఆయుష్షు కావాలి. అందుకని దీవి పద్ధతిలో నిప్పుతో కూల్చాలనుకున్నాడు.

ఆ పద్ధతి సులువే. వడ్రంగి బరమాతో మానులోకి పైనుంచి ఏటవాలుగా ఒక బెజ్జం, కిందనుంచి ఇంకోటి తొలిచి, రెంటినీ చెట్టు గుండెలో కలపాలి. పై బెజ్జంలోంచి నిప్పుకణికలు వదలాలి. కింది బెజ్జం గాలి పీలుస్తుంది, లోపలి బంక అంటుకుంటుంది. ఇక చెట్టు లోలోపలే కాలుతూ ఉంటుంది. పైకి పచ్చగానే కనిపిస్తుంది. ఎప్పుడు పడుతుందో దానికే తెలుసు, అది చెప్పదు. అందుకే అంటించిన చెట్టు పడేదాకా ఇరుగుపొరుగు వంతులవారీగా వచ్చి, తల పైకెత్తి చెట్టు కొసను కాపలా కాయాలని ఆచారం. కొస వణికిందంటే పరుగెత్తాలి. పడ్డాక విందు చేసుకోవాలి.

ఎఫ్రాయిమ్ కణికలు పట్టుకొచ్చిన రోజున అగాథ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"అన్నా, వేర్లు ఎటు పోయాయో చూశావా?"

"వేర్లు మన నెత్తిన పడవు గదమ్మా! పడేది పైభాగం" అన్నాడు ఎఫ్రాయిమ్.

అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు మాగ్నస్. అగాథ నవ్వలేదు. ఆమెకు హాస్యం తెలియదని మేము తీర్మానించాం.

చెట్టు అంటుకుంది. చెవి ఆనిస్తే లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టు వినిపించేది. వేసవి ఎండలు. మేము మెడలు నొప్పి పుట్టేలా కొసను చూస్తూ కూర్చునేవాళ్ళం. ఇంటివైపు పడుతుందేమోనన్నది ఒక్కటే భయం. తమ ఇంటికి వచ్చి ఉండమని లొవీనియాను నాహులు, అగాథ పిలిచారు. ఆమె పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం కొస వణికింది. చెట్టు నిదానంగా ఇటు చూసి, అటు చూసి, ఇంటికి వీపు తిప్పి వాగులోకి ఒరిగింది. దీవంతా అదిరింది. ఆ సాయంత్రం జింకమాంసం, కాల్చిన సాల్మన్, మాగ్నస్ దాచుకున్న సీసా అన్నీ బయటికొచ్చాయి. ప్రమాదం తప్పిందని పాదిరి గారు దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. దేవుడు ఏమీ అనలేదు.

శరదృతువు వచ్చింది. నేలలో మిగిలిన మొద్దు ఇంకా సన్నగా పొగ కక్కుతూనే ఉంది. పెద్ద మొద్దు గదా అనుకున్నాం. నేల మీద మొదటి మంచు పడిన ఉదయం, లొవీనియా కోళ్ళన్నీ ఒకే వరసలో కూర్చుని ఉన్నాయి. బడిపిల్లల్లా, ఒకదాని వెనక ఒకటి. మొద్దు దగ్గర ఒక కోడి, గడప దగ్గర ఒక కోడి. ఆ వరస పొడుగునా మంచు లేదు.

"చూశావా, నా పెరడు ఎంత వెచ్చగా ఉందో! చలికాలంలో కూడా గుడ్లు పెడతాయి" అని లొవీనియా మురిసిపోయింది.

ఆ వారంలోనే ఆమె చివరి దుంపలు తవ్వింది. ఒక దుంప చేతిలో చిదిమిపోయి ఆవిరి వచ్చింది. ఉడికిపోయి ఉంది. మాగ్నస్ దానికి ఉప్పద్దుకుని తిన్నాడు.

"దేశంలో ఎక్కడైనా ఉందటయ్యా ఇలాంటి వైభోగం? పండించి, వండి, వడ్డించే నేల! ఇంక పెళ్ళాం ఎందుకు?"

"నీకు ఎలాగూ దొరకలేదుగా" అంది లొవీనియా.

నాహులు దుంప ముట్టుకోలేదు. మామూలుగా తిండి దగ్గర అతను వెనక్కి తగ్గే మనిషి కాదు. వంగి నేల మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"మా నిప్పుకొండల దీవుల్లో నేల వేడెక్కితే ఎవరూ జోకులెయ్యరు. పారలు తీసుకురండి" అన్నాడు.

కోళ్ళను తరిమి, మొద్దుకూ ఇంటికీ మధ్య అడ్డంగా కందకం తవ్వాం. నడుములోతున వేరు దొరికింది. దొరికింది అనడం తప్పు. వేరు ఉండవలసిన చోట మనిషి దూరేంత బిలం ఉంది. దాని గోడలు నిప్పుతో ఎర్రగా ఉన్నాయి. చూస్తూండగానే ఆ ఎరుపు ఊపిరి తీసుకున్నట్టు పెరిగి, తగ్గింది. ఎఫ్రాయిమ్ బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. బిలం బుస్సుమంది. ఆవిరి మా మొహాల మీదికి రాలేదు, బిలం వెంట ఇంటివైపు పోయింది.

ఇంట్లోంచి లొవీనియా కేక వినిపించింది. "ఏమయ్యోయ్! నేల చెక్కల సందుల్లోంచి పొగలొస్తున్నాయేంటి?"

మేమందరం వేసవంతా ఆకాశాన్ని కాపలా కాశాం.

ఎఫ్రాయిమ్ పరుగున లోపలికి వెళ్ళాడు. "లొవీనియా, దుప్పటి కప్పుకుని రా. నిప్పు మన కాళ్ళ కింద ఉంది. ఏ క్షణాన ఏమవుతుందో తెలీదు."

"నేను రాను."

"పిచ్చా నీకు? కాలిపోతావే!"

"నా ఇంట్లోనేగా కాలేది. పోనీ."

అతను బతిమాలాడు, ఏడ్చాడు, చెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఆమె పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని, చెయ్యి విడిపించుకుని, నెమ్మదిగా అంది: "నా చెయ్యి పట్టి ఇంట్లోంచి లాగినవాళ్ళు నీకన్నా ముందు ముగ్గురున్నారయ్యా. నువ్వు నాలుగోవాడివి అవుతావా?"

ఎఫ్రాయిమ్ చెయ్యి వదిలేసి బయటికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గోడ కింది దుంగ అప్పటికే గోరువెచ్చగా ఉంది.

"ఆమె రాకపోతే ఇంటినే తీసుకుపోదాం" అన్నాడు నాహులు. "మా వాళ్ళు అడవిలో తొలిచిన పడవను దుంగల మీద సముద్రం దాకా లాక్కొస్తారు. ఇది పడవకన్నా పెద్దదేం కాదు. కాకపోతే లోపల తెడ్డేసేవాళ్ళు లేరు."

"లోపల తిట్టేవాళ్ళున్నారు" అన్నాడు మాగ్నస్, ఎద్దులను తీసుకురావడానికి పరుగెడుతూ.

పలుగులతో మూలలు ఎత్తి, కింద దుంగలు దూర్చి, మాగ్నస్ ఎద్దులను కట్టాం. అగాథ ముందు నడుస్తూ, చెట్లు మొలవని రాతినేల వైపు దారి చూపింది. ఈసారి ఆమె మాటకు ఎవరూ నవ్వలేదు. నాహులు తన భాషలో పాట అందుకున్నాడు. ఇల్లు మూలిగి, ఊగి, ఉన్న చోటు వదిలి కదిలింది. కిటికీలో లొవీనియా, ఒళ్ళో కాఫీ కూజా, మహారాణి ఊరేగింపు. "మెల్లగా, దున్నపోతుల్లారా! నా పింగాణీ!" అని అరుస్తూనే ఉంది. ఎద్దుల్ని అన్నదో మమ్మల్ని అన్నదో మేము అడగలేదు.

ఇల్లు జరిగిన చోట నేల ముందు సొట్టపడింది. తరవాత ఆమె కుర్చీ ఉండిన చోట మెత్తగా, చప్పుడు లేకుండా లోపలికి దిగిపోయింది. గుంటలో ఎర్రటి నిప్పు. గాలి తగలగానే మనిషెత్తు మంట లేచింది. ఎఫ్రాయిమ్ అది చూసి, వెనక్కి తిరిగి, ఎద్దులతోపాటు తనూ మోకు భుజాన వేసుకున్నాడు.

రాతినేల మీద ఇల్లు ఆగింది. లొవీనియా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఇక్కడ నేల చల్లగా ఉందా?"

ఎఫ్రాయిమ్ కూర్చుని రెండు అరచేతులూ నేలకు ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అగాథ కూడా వంగి చెయ్యి పెట్టి చూసింది.

"ఇవాళ్టికి చల్లగానే ఉందక్కా" అంది.

"అయితే ఇల్లు దింపండి."

మొద్దు మార్చి నెల దాకా పొగ కక్కుతూనే ఉంది. మిగతా వేర్లు ఎటు పోయాయో మేము తవ్వి చూడలేదు. చూడాలని అందరం అనుకున్నాం. ఆ చలికాలమంతా లొవీనియా తెల్లవారగానే చెప్పుల్లేకుండా బయటికి వచ్చి, మంచులో ఇంటి చుట్టూ తిరిగేది. పాదాలు కొంకర్లు పోయి నొప్పి పుడితే గాని లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించేది కాదు.