దీపాల వేళ దగ్గు

కరోనా అణిగిన తర్వాతి చలికాలంలో, ఫలక్‌నుమాలోని ఒక ఇంటికి గాలి నమూనాల కోసం నన్ను పంపారు. అప్పట్లో నేను ఒక ప్రైవేటు ల్యాబులో ఫీల్డ్ అసిస్టెంటును. హోదాలో నాకన్నా కింద పరికరాల పెట్టె మాత్రమే ఉండేది. కాంట్రాక్టు ముగిసి ముప్పయ్యేళ్లకే రిటైరయ్యాను. పింఛను లేదు.

ఆ ఇంటి గోడకు ఆనుకొని ఇత్తడి సామాన్లను ఆసిడ్‌లో ముంచి కడిగే కార్ఖానా ఉండేది. దాని మీద ఫిర్యాదు చేసింది ఇంటి కోడలు సునీత. సాయంత్రమైతే ఆమెకు ఊపిరాడదు. అత్త అండమ్మ అనుమానం మాత్రం కార్ఖానా మీద కాదు, ఎప్పుడో చనిపోయిన తన అత్త మీద.

"మా అత్త ఇంక పోలేదు కొడుకా. గీ అర్రలనే పానమిడిసింది. దీపం వెట్టే యాళ్లకు దీని గొంతులకెళ్లి దగ్గుతది, ఇను."

విన్నాను. పాతికేళ్ల పిల్ల గొంతులోంచి ముసలి దగ్గు. నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఇంత సమయపాలన ఉన్న దయ్యానికి మా ఆఫీసులో ఉద్యోగం ఇప్పించవచ్చనీ అనిపించింది.

"రిపోర్టుల ఏం లేదంటే నన్ను పుట్టింటికి తోలుతరట అన్నా," అంది సునీత. "దయ్యం దిగినంకనే రావాల్నట."

గ్యాసును పట్టడానికి గాలిని గాజు సీసాలోని ద్రావణంలోకి బుడగలుగా పంపుతాం. ధూళికి వేరే యంత్రం, అందులో తెల్లటి ఫిల్టరు కాగితం. రెండు ఫలితాలూ పరిమితిలోపే వచ్చాయి. నార్మల్ అని రాసెయ్యమన్నారు మా సైంటిస్టు మేడం.

ఫిల్టరు కాగితాన్ని దాచే ముందు వాసన చూశాను. ఆ ఇంట్లో వేసే సాంబ్రాణి వాసన వస్తుందనుకుంటే ఆసిడ్ ఘాటు ముక్కుకు కొట్టింది.

దయ్యాన్ని తరమడానికి అండమ్మ రోజూ దీపాల వేళ కిటికీలు మూసి సాంబ్రాణి పొగ వేసేది. ఆసిడ్ గ్యాసు ఒంటరిగా వస్తే చాలావరకు ముక్కు, గొంతు తడిలోనే ఆగిపోతుంది. పొగలోని సన్నటి రేణువులకు అంటుకుంటే ఊపిరితిత్తుల అడుగుదాకా వెళుతుంది. మేం రేణువుల బరువు తూచాం. అవి ఏం మోసుకొచ్చాయో చూడలేదు.

మేడం కూడా కాగితం వాసన చూసి, దగ్గి, మళ్లీ నమూనాలు తీయించారు. ఈసారి రేణువుల మీది ఆసిడ్‌ను కూడా పరీక్షించి రాశారు. ఆ రిపోర్టుతో కార్ఖానా ఆసిడ్ తొట్టి అక్కడినుంచి కదిలింది. పొగ ఆగింది. సునీత ఇంట్లోనే ఉంది, దగ్గు తగ్గింది.

చివరిసారి నమూనాలు తీసి పరికరాలు సర్దుకుంటుంటే, ఆమె అత్త బతికున్నప్పుడూ ఆ కార్ఖానా ఉండేదా అని అండమ్మను అడిగాను.

"ఉండె. ఆమెకు గాలి సోకిందని నేనే పొగ ఏస్తుంటి. దగ్గు ఎక్కువైతె ఇంకింత..." అంటూ మూలనున్న సాంబ్రాణి గిన్నె వైపు చూసింది.

పెట్టె మూసి లేచాను.

ఆ ఇంట్లో నేర్చుకున్నది ఇంతే: గ్యాసుకొక యంత్రం, ధూళికొక యంత్రం ఉంటాయి. మనిషి మాత్రం రెంటినీ ఒకే ఊపిరిలో పీలుస్తాడు.