జూలీ పళ్ళకు ఇరవై ఒక్క రోజులు

సవరయ్య మావ మనుషులను ముఖం చూసి గుర్తుపట్టడు, వాళ్ళింటి కుక్క పళ్ళను బట్టి గుర్తుపడతాడు. "బర్మామైన్స్‌లో ఉండే సూర్యం గారు కనిపించారు మావా" అంటే బుర్ర గోక్కుంటాడు. "అదే, గోధుమరంగు బొచ్చుకుక్క..." అనగానే ముఖం వెలిగిపోతుంది. "ఓహో, కింది వరస ఎడమ పక్క కోరపన్ను పసుపు! బాగుందా?" అంటాడు. సూర్యం గారు బాగున్నారో లేదో ఆయనకు అక్కర్లేదు.

ఆయన మేం బతకవచ్చిన హిందీ ఊళ్ళో, గోల్‌మురి కార్ఖానాలో బాయిలర్లు శుభ్రం చేసే గ్యాంగుకు మేస్త్రీ. పాతికేళ్ళుగా గొట్టాల్లో పట్టిన గారను గోకి గోకి, లోకంలో సగం కష్టాలు గారవల్లే వస్తున్నాయని తేల్చుకున్నాడు. ఆదివారం చర్చి వదలగానే సైకిలు హ్యాండిలుకు రేకు డబ్బా తగిలించుకుని బయల్దేరేవాడు. డబ్బా నిండా ఉతికి ఆరేసిన పాత పంచె పీలికలు. పీలికను వేలికి చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, దొరికిన ప్రతి చిన్న కుక్కకూ పళ్ళు తోమేవాడు. పెద్ద కుక్కల జోలికి మాత్రం పోడు.

"భయమా మావా?" అని అడిగాను ఒకసారి.

"భయవేటల్లుడా! సిన్నకుక్కకి నోరు సిన్నది, పళ్ళు మాత్రం పెద్దకుక్కకున్నన్నే. ఇరుక్కునుంటాయి. గార బేగి పట్టెత్తాది" అన్నాడు, కట్టు కట్టిన చూపుడువేలు ఊపుతూ. ఆ కట్టు ఒక్కో వారం ఒక్కో వేలికి ఉండేది.

మనుషులతో తెలుగు మాట్లాడే మావ కుక్కలతో హిందీయే మాట్లాడేవాడు. "ముఁహ్ ఖోలో బేటా, షాబాష్" అంటూ నోళ్ళు తెరిపించేవాడు. కార్ఖానాలో పనిచేసేటప్పుడు హిందీ, కుక్క పళ్ళూ పనే కదా అని ఆయన లెక్క.

1958లో ఒక దొర ఇంగ్లండు వెళ్ళిపోతూ తన తెల్లటి చిన్న కుక్కను మా ఇంట్లో వదిలివెళ్ళాడు. పేరు జూలీ. మా అమ్మ దాలమ్మ దాన్ని జూలమ్మని చేసేసి, పగలంతా ఒళ్ళో పెట్టుకునేది. పాలన్నం, జిలేబీ, తన పళ్ళెంలోది సగం దానికే. ఏడాది తిరిగేసరికి ఇంట్లో కంపు మొదలైంది. అమ్మ మంచం దగ్గరికి వెళ్తే చాలు, ముక్కు పగిలిపోయేది. అమ్మ మాతో కూర్చుని తినడం కూడా మానేసింది. కుక్కను తిడుతున్నామని అలిగిందనుకున్నాను.

మా ఆవిడ పద్మకుమారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే మాట చెప్పింది: "ఆదివారంలోగా దీన్ని పంపించీండి. నేకపోతే నన్ను పంపించీండి."

పర్సుడీహ్‌లో ఉండే బలరామ్ కుక్కను తీసుకుంటానన్నాడు. ఆ సంగతి వినగానే అమ్మ జూలీని గుండెలకు హత్తుకుని, "జూలమ్మ ఎలిపోతే నానూ మా ఊరెలిపోతాను" అంది. అనడమే కాదు, ట్రంకుపెట్టె సర్దేసింది కూడా. ఇక దారిలేక సవరయ్య మావకు కబురుపెట్టాను.

మావ వచ్చాడు. మోకాళ్ళమీద కూర్చుని జూలీ నోరు తెరిచి చూశాడు. తర్వాత, "ఏటప్పా, బాగున్నావా?" అంటూ అమ్మకేసి వంగాడు. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. మావ లేచి నిలబడి, "ఇరవయ్యొక్క రోజులు గడువియ్యల్లుడా. అంతవరకూ కుక్కనీ, ట్రంకుపెట్టెనీ ఎవుళూ కదపొద్దు" అన్నాడు.

మర్నాడే జూలీని రిక్షాలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. "నువ్వే గోకెయ్యొచ్చుగా?" అంటే నన్ను కసిరాడు. "బాయిలరైతే సుత్తెట్టి కొడతాను. ఇది పన్ను! గట్టిపడిపోయిన గార డాక్టరే తియ్యాల. మళ్ళీ పట్టకుండా సూసుకోడం మన పని." జిలేబీ ఆగిపోయింది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు, సాయంత్రం దిగాక, రోజుకు రెండుసార్లు పీలికతో హాజరయ్యేవాడు.

ఒక ఇబ్బంది వచ్చిపడింది. జూలీ నోరు తెరవడం లేదట. నేను చూసినప్పుడల్లా తెరిచే ఉండేది, కానీ మావ ఒప్పుకోలేదు. "కుక్క సూసి నేర్సుకుంటాదప్పా. ముందు నువ్వు తోముకుని సూపించు. ఉప్పునీళ్ళు పుక్కిలించి సూపించు." అమ్మ తోముకునేది. జూలీ తల వాల్చి చూసేది. రెండో రోజు, "నీ అడ్డపొగ జూలీ పళ్ళకి పడ్డం నేదు" అని, నిప్పు నోట్లోకి పెట్టుకుని అమ్మ కాలుస్తున్న చుట్ట లాగేశాడు. వారానికల్లా, "జూలీకి పన్నొకటి కదుల్తంది. ముందు నువ్వు కుర్సీలో కూకుంటే దానికి దయిర్యం వత్తాది" అని ఇద్దరినీ సాక్చీలో మనుషుల పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అమ్మ రెండు పళ్ళు పీకించుకుని వచ్చింది.

"మరి జూలీది?" అని అడిగాను.

"మీ యమ్మని సూసి భయపడి, కదిలేది గట్టిపడిపోనాది" అన్నాడు మావ.

నేను నమ్మాను. కుక్కకోసం మా అమ్మ పళ్ళు పీకించుకుందని కార్ఖానా అంతా గొప్పగా చెప్పుకుని తిరిగాను కూడా.

ఇరవై ఒకటో రోజున పద్మకుమారి కొంగు దించి, గట్టిగా గాలి పీల్చింది. అత్తగారి పక్కనే పీట వేసుకుని కూర్చుని ఇద్దరికీ అన్నం వడ్డించింది. ట్రంకుపెట్టె మంచం కిందికి వెళ్ళిపోయింది. బలరామ్‌కు వద్దని కబురు పంపించి, పరుగున మావ ఇంటికి వెళ్ళాను.

"బతికించావు మావా! జూలీ కంపు పూర్తిగా పోయింది!"

సైకిలు తుడుచుకుంటున్న మావ తల ఎత్తలేదు. "జూలీది నాలుగో రోజుకే పోనాదల్లుడా."

"అదేమిటి? నిన్న మొన్నటిదాకా ఇంట్లో..."

మావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ముసల్దాయితో అనకు. సిగ్గుపడి ఒకోరన కూకుని తింటంది పాపం. కుక్క మీద పెట్టీసినాం. కుక్కేటీ అనుకోదు."

ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ కుక్కను తిడుతూ ఎవరిని తిట్టానో తలుచుకుంటే సిగ్గేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "సవరయ్య మావ చాలా మంచోడమ్మా" అన్నాను.

అమ్మ నావైపు జాలిగా చూసింది. "ఇప్పుడా తెలిసింది నీకు? ఆ కుర్సీలో కూకుని పళ్ళు పీకించుకున్నది నానా, కుక్కా?"

"అంటే నీకు మొదటినుంచీ తెలుసా!"

"అంత కట్టపడి దాత్తంటే, తెలిసిపోనాదని ఎలాగ సెప్పమంటావురా? సిన్నబుచ్చుకుంటాడు. నువ్వూ ఆడితో అనకు."

నేను ఇద్దరిలో ఎవరితోనూ అనలేదు. మర్నాడు పొద్దున మావ పీలిక పట్టుకుని గుమ్మంలోకి రాగానే, అమ్మ జూలీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మిగిలిన పళ్ళన్నీ కనబడేలా నోరు తెరిచి, "సూడవే జూలమ్మా, ఇలాగ!" అంది.