మిస్త్రీ చెవి

మొయినాబాద్ కాడ చేవెళ్ల రోడ్డు మీద ఆయన షెడ్డుండేది. ఇప్పుడు ఆ జాగల ఫాంహౌజ్ గేటున్నది. పేరు పెట్టి ఎవరూ పిలవకపోదురు, అందరికీ మిస్త్రీయే. ఏ సామాను తెచ్చినా కంటితోని చూసేటోడు కాదు. రెండు వేళ్లతోని పట్టుకొని, పానాతోని ఒక్కటి కొట్టి, చెవికాడ పెట్టుకొని కళ్లు మూసుకునేటోడు. మోత నచ్చితేనే ఒరిజినల్.

మా బాపు టాక్సీ నడిపిన పాత కారు ఇంజన్ ఆయనే విప్పిండు. వాల్వు ఒకటి కాలిపోయింది. ఆ మోడల్ బందై ఏండ్లైంది. "డూప్లికేట్ నా చెయ్యితోని ఎయ్య బిడ్డా," అన్నడు. సాంపిల్‌కని అదే ఇంజన్‌లది మంచి ఒరిజినల్ వాల్వు ఒకటి తీసి ఇచ్చిండు. అది జేబుల ఏసుకొని శంకర్‌పల్లి పాతినుప దుకాణాలకెల్లి సిటీ దాంక తిరిగిన. తెచ్చిన ప్రతిదాన్ని కొట్టి, విని, వాపస్ ఇచ్చెయ్యమనేటోడు. గిట్ల రెండేండ్లు గడిచినయి.

ఒక వానాకాలం, కనకమామిడిల ఒక పాత డ్రైవర్ ఇంట్ల మూత తియ్యని కంపెనీ డబ్బల వాల్వు దొరికింది. ఉరికిన. తొందరల జేబులకెల్లి తీసి ఆయన చేతుల పెట్టిన. కొట్టిండు. కళ్లు మూసుకొని చానసేపు విన్నడు.

"ఇది గూడ డూప్లికేటే బిడ్డా."

అప్పుడు చూసిన. డబ్బ ఇంక నా జేబుల్నే ఉన్నది. నేనిచ్చింది సాంపిల్, మా బాపు ఇంజన్‌ల ఏండ్లకేండ్లు ఆడిన వాల్వు. దాని మోత షెడ్డంత ఇంక మోగుతనే ఉన్నది.

"సరే కాకా, ఇంకోటి వెతుకుత," అన్న.

ఆయనకు ఇనవడలే. గట్టిగ మల్లొకసారి అన్న.