పైన పిల్ల ఏడ్చింది

ఆ ఇంట్లో పగటిపూట మాకు భయం లేదు. కింద పిండి గిర్ని నడిచేది. అందులో గోధుమలో జొన్నలో పడుతున్నంతసేపూ మా గచ్చు సన్నగా అదిరేది; గోడకు ఆనించి పెట్టిన స్టీలు గ్లాసు తనంతట తానే గలగలలాడేది. ఆ మోతలో ఒక కుక్కపిల్ల కాదు, కుక్కల మంద అరిచినా కిందికి వినిపించదు. గిర్ని ఆగిన తరువాతే మా కష్టం మొదలయ్యేది.

నల్లగొండలో, ఊరి చివరి గల్లీల్లో ఒకదానిలో, ఆ మేడ మీది వాటాను కిరాయికి తీసుకున్నాం. కాలువల మీద నీటి మట్టాలనూ ప్రవాహాలనూ కొలవడం నా ఉద్యోగం. ఇంటి యజమానే గిర్ని నడిపేవాడు. గల్లీ అంతా ఆయనను సేటు అని పిలిచేది. తాళంచెవి చేతిలో పెడుతూ ఆయన విధించిన షరతు ఒక్కటే.

"సారూ, సుట్టాలు ఎంతమందన్న రాని, ఎన్ని దినాలన్న ఉండని, నాకు ఫికర్ లేదు. కుక్కను మాత్రం తేవొద్దు. పిండి జాగా ఇది. ఒక్క వెంట్రుక పడ్డదంటే గిరాకి మొత్తం పక్క గల్లీకి పోతది."

షరతు న్యాయమైనదే కనుక ఒప్పుకున్నాను. పైగా ఆ ఇల్లు మాకు అవసరం. అంతకుముందున్న ఇంటిని చుట్టుపక్కల ఆడవాళ్లు నా భార్యను పలకరించే తీరు భరించలేకే ఖాళీ చేశాం. మాకు పెళ్లయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. హైదరాబాదు దవాఖానల చుట్టూ తిరగడం కూడా అప్పటికి మానేశాం. ఆ విషయాన్ని మేమిద్దరం ఒకరితో ఒకరం సైతం పూర్తి వాక్యంగా ఎన్నడూ చెప్పుకోలేదు. చివరిసారి తిరిగి వస్తున్నప్పుడు బస్సులో ఆమె "మరి..." అని ఆగిపోయింది. నేను "చూద్దాం" అన్నాను. చూడవలసింది ఏమీ మిగలలేదని ఇద్దరికీ తెలుసు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆమె కట్టంగూర్‌లో ఉన్న అన్న ఇంటికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో కూరగాయల సంచిలో ఒక కుక్కపిల్లను పెట్టుకుని వచ్చింది. దాని తల్లి హైవే మీద లారీ కింద పడిందట. మగపిల్లలను ఎవరో ఒకరు పట్టుకుపోయారు. ఇది ఆడది, ఎవరికీ అక్కరలేకపోయింది.

"సేటుకు తెలిస్తే?" అన్నాను.

"తెల్వకుంట ఉంచుదాం. జర పెద్దగైతే మా అన్న పొలంకాడికే పంపుదాం. గింత ఉన్నది, ఎంత లొల్లి చేస్తది?"

దాని పరిమాణానికీ అది చేయగల శబ్దానికీ సంబంధం లేదని ఆ రాత్రే తెలిసింది. కుక్కపిల్ల ఏడుపు మొరుగుడు కాదు. సన్నని స్వరంతో మొదలై, పైకి సాగి, మధ్యలో విరుగుతుంది. ఊపిరి అందక ఆగుతుంది. ఇక ఆగిపోయిందని మనం నడుం వాల్చేలోగా మళ్లీ మొదలవుతుంది. గల్లీ వైపు కిటికీ లేని సామాన్ల గదిని దానికి కేటాయించాను. అట్టపెట్టెలో గోనెసంచి పరిచాను. సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, నా మణికట్టు లోపలివైపు ఆనించుకుని, కాలదని రూఢి చేసుకున్నాకే పక్కన పెట్టాను. తల్లి గుండె చప్పుడుగా భ్రమిస్తుందని టేబుల్ గడియారాన్ని గుడ్డలో చుట్టి ఉంచాను. అది గడియారం వాసన చూసి, దాని మీద మూత్రం పోసి, మళ్లీ ఏడ్చింది.

మిగిలిన ఉపాయం శబ్దాన్ని శబ్దంతో కప్పడం. ఇంటి కిటికీలన్నీ మూసి, కూలర్‌ను పూర్తి వేగంతో నడిపాం. బయటి పొడిగాలిని లోపలికి లాక్కున్నప్పుడే కూలర్ చల్లబరుస్తుంది. మూసిన ఇంట్లో అదే గాలిని తిప్పి తిప్పి తడుపుతుంది. కాసేపటికి గోడలు చెమర్చాయి, అగ్గిపుల్ల వెలగడం మానేసింది. సామాన్ల గదిలో బియ్యం డబ్బాకూ పాత సూట్‌కేసుకూ మధ్య మేమిద్దరం మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. ఆమె ఒడిలో ఉన్నంతసేపు కుక్కపిల్ల నిద్రపోయేది. పెట్టెలో దించగానే లేచేది. అందుచేత ఆమె కదలడానికి లేదు. ఆమెను ఆ ఉక్కలో ఒంటరిగా వదిలి నేను లేవడానికి లేదు.

మరునాడు పొద్దున స్కూటర్ స్టాండు తీస్తుంటే వాకిట్లోంచి అవ్వ పిలిచింది. ఆమె సేటు తల్లి. ఎండాకాలమంతా సరిగ్గా మా గది కింద, వాకిట్లో నులకమంచం వేసుకుని పడుకునేది.

"బిడ్డా, రాత్రి పైన పిల్ల ఏడ్చినట్టున్నది. మీ ఇంట్లనేనా?"

దొరికిపోయామనుకున్నాను. మేము కూడా ఇంట్లో దాన్ని పిల్ల అనే అంటున్నాం. ఆమె అన్నీ తెలిసే అడుగుతోందనుకున్నాను.

"మా పిల్లే అవ్వా."

కోప్పడుతుందని చూస్తే ఆమె ముఖం విప్పారింది. "అయ్యో నా తల్లి! ఎన్ని దినాల పిల్ల?"

"నెల దాటింది."

"పాలు తాగుతాందా?"

"తాగుతోంది."

ఆమె మంచం దిగి, మోకాళ్లు పట్టుకుంటూ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "సాదుకుంటున్నరా?"

"ఆ, సాదుకుంటున్నం."

"మంచి పని చేసిండ్రు బిడ్డా, శాన మంచి పని. ఎవలకు చెప్పకుండ్రి. నేను గూడ చెప్ప. పిల్ల జర గట్టిపడని. దిష్టి తగుల్తది."

దిష్టి అన్న మాట దగ్గర నాకు విషయం అర్థమైంది. నోరు తెరిచాను. అప్పుడే సేటు గిర్ని స్విచ్చు వేశాడు. అవ్వ నా బుగ్గ నిమిరి, మెటికలు విరిచి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజంతా కాలువ గట్టు మీద ఆ సంభాషణను పదం పదంగా పరిశీలించాను. నేను చెప్పినదానిలో అబద్ధమైన మాట ఒక్కటీ దొరకలేదు. తెలుగు క్రియ ఏకవచనంలో మగవాణ్ణి మాత్రమే వేరుచేస్తుంది. ఆడమనిషికీ పశువుకూ ఒకే ప్రత్యయం. ఏడ్చింది, తాగింది, పడుకుంది. సాదుకోవడమూ అంతే, బిడ్డనైనా కుక్కనైనా పెంచుకోవడాన్ని మా వైపు సాదుకోవడమే అంటారు. వచ్చింది మగ కుక్కపిల్ల అయినా క్రియ మారేది కాదు గాని, అవ్వ "పిలగాడా?" అని అడిగితే "మగది" అనవలసి వచ్చేది, అక్కడే అంతా తెగిపోయేది. ఆడది కావడం వల్ల మేము వ్యాకరణంలో చిక్కుకున్నాం.

సాయంత్రం నా భార్యకు చెప్పాను. ఆమె ఉల్లిగడ్డ కోయడం ఆపింది.

"నువ్వేమన్నవ్ మరి?"

"నిజమే చెప్పిన."

"మంచిగ చెప్పినవ్ నిజం! పెద్ద ఇంజనీరువి." కత్తిపీట పక్కకు జరిపింది. "పోయి చెప్పు, అవ్వా అది కుక్కపిల్ల అని."

"చెప్తే ఇల్లు పోతది."

"ఇల్లేనా?" అంది.

కుక్కపిల్ల అని చెప్తే, మరి పిల్లలో అని అవ్వ అడుగుతుంది. దానికి జవాబు చెప్పాలి.

అవ్వ మోకాళ్లు మెట్లెక్కనివ్వవు కనుక వస్తువులు మాత్రం పైకి వచ్చేవి. కింద నిలబడి పిలిచి, మేము పిట్టగోడ మీంచి తాడుతో దించిన బుట్టలో వేసేది: మాటలు తొందరగా రావడానికి వస కొమ్ము, దిష్టికి నల్లపూసల దారం, ఎన్నో ఉతుకులకు మెత్తబడిన ఒక నూలు చీర. చీరను నా భార్య నాలుగు మడతలు వేసి పెట్టెలో పరిచింది. కుక్కపిల్ల దాని మీద ముందటి కంటే ఎక్కువసేపు పడుకుంది, కానీ ఏడుపు మానలేదు. నల్లపూసలను ఆమె దాని మెడకు కట్టింది.

రాత్రులు అలాగే గడిచాయి. తలుపులు మూసి, తడిగాలిలో, తగ్గు గొంతులతో. ఎవరైనా తలుపు తడితే ముందు పెట్టెను మంచం కిందికి తోసేవాళ్లం. నేను ఆఫీసు నుంచి వస్తూ గల్లీ మలుపులోనే స్కూటర్ ఆపి చెవి పెట్టి వినేవాణ్ణి.

ఒక సాయంకాలం నా భార్య పిట్టగోడ మీద మోచేతులు ఆనించి అవ్వతో మాట్లాడుతుంటే లోపలినుంచి విన్నాను.

"రాత్రి మంచిగనే పన్నదా?"

"ఏడ పన్నదవ్వా, ఒడిల ఉంటేనే పంటది. దించంగనే లేస్తది."

"గంతే బిడ్డా, అలవాటైతది. కడుపు నిండా తాగిపియ్యి. మావోడు గూడ గట్లనే సతాయించిండు."

"నా కొంగు పట్టుకొని ఇడువదు."

నా భార్య నవ్వింది. మిగతా ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల పిల్లల సంగతులు వింటూ తల ఊపే మనిషిగానే ఆమెను ఇన్నేళ్లూ చూశాను. ఇప్పుడు చెప్పే వంతు ఆమెది. ప్రతి మాటా నిజం. ఆ రాత్రి, కుక్కపిల్లను కట్టంగూర్ పంపుదామా అని అడిగితే, "ఇంకొన్ని దినాలు" అంది, నా వైపు చూడకుండా. ఇల్లు పోతుందన్న భయం కొలవగలిగినది. మరో ఇల్లు దొరుకుతుంది. ఈ మాటలు ఆగిపోయిన రోజు ఆమె ముఖం ఎలా ఉంటుందో నేను కొలవలేను. చెప్పకపోతే ఒక తప్పు, చెప్తే మరొకటి. మూసిన గదిలో కూలర్ తిరుగుతూనే ఉంది.

చివరికి మాకు చెప్పే అవకాశం ఇవ్వకుండానే విషయం మెట్లెక్కి వచ్చింది. ఆదివారం పొద్దున, కింద గిర్ని జోరుగా నడుస్తుండగా, ఎవరో తలుపును కాలితో తన్నారు.

"సారూ, తియ్యి తియ్యి, భుజం పోతాంది!"

సేటు. కనుబొమల నిండా పిండి, భుజం మీద పాత చెక్క తొట్టెల. పసిపిల్లలను వేసి ఊపే ఆ తొట్టెల ఇరుకు మెట్ల మీద గోడకూ రెయిలింగుకూ మధ్య ఇరుక్కుపోయి, ఆయన ముందుకు రాలేక, వెనక్కి పోలేక నిలబడి ఉన్నాడు.

"మా అవ్వ పానం తీస్తాంది. నన్నేసిన తొట్టెల ఇది, అటక మీదికెల్లి దించిపిచ్చింది. శుక్రారం మీ పిల్లను అండ్లెయ్యాల్నట, పేరు పెట్టాల్నట. అయినా గిదేం పద్ధతి సారూ? ఇంట్లకు లక్ష్మి వస్తే నాకు చెప్పొద్దా? దావత్ అడుగుతననా?"

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. నా వెనక గచ్చు మీద గోళ్ల చప్పుడైంది. వంగి దాన్ని ఎత్తుకుని నా భార్య నన్ను పక్కకు జరిపింది. కుక్కపిల్ల మెడలో నల్లపూసలు ఉన్నాయి.

"సేటూ, పిల్ల ఇదే."

ఆయన చాలాసేపు చూశాడు. "గిది కుక్క గదమ్మా."

"కుక్కనే." ఆమె దాన్ని ఇంకాస్త పైకి ఎత్తుకుంది. "మాకు పిల్లల్లేరు. ఇగ కారు."

ఆ వాక్యం నేను వినడం అదే మొదటిసారి. తొట్టెల కింద పెట్టడానికి కూడా చోటు లేక సేటు అలాగే మోస్తూ నిలబడ్డాడు.

కిందినుంచి అవ్వ అరిచింది. "ఏమంటాంది? పిల్ల పన్నదా? నాకినస్తలే!"

సేటు నా వైపు చూశాడు. "నువ్వే చెప్పు సారూ. నాతోని కాదు."

రెయిలింగు మీదుగా వంగాను. గిర్ని మోతకు మామూలు గొంతు చాలదు.

"అవ్వా! మాకు పిల్లల్లేరు! అది కుక్కపిల్ల!"

"ఏందీ?"

"పిల్లల్లేరు అవ్వా! కుక్కపిల్లను తెచ్చుకున్నం!"

గిర్ని ముందు డబ్బాలతో వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా తలలెత్తి చూశారు. నా భార్య లోపలికి వెళ్లలేదు. వాళ్లు చూస్తున్నంతసేపూ కుక్కపిల్లను ఎత్తుకునే అక్కడే నిలబడింది. అవ్వ కింది మెట్టు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత, పైకి చూడకుండానే, అందరికీ వినిపించేలా అంది:

"గట్లైతే నా చీర నాకియ్యుండ్రి."

సేటు నెలాఖరు వరకు గడువిచ్చాడు. "మనసుల పెట్టుకోకు సారూ, గిరాకి ముచ్చట" అని, తొట్టెలను అడ్డంగా తిప్పి, వెనక్కి నడుచుకుంటూ దిగాడు.

చీరను నా భార్య ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, సాయంత్రం తానే కిందికి తీసుకువెళ్లింది. చాలాసేపటికి గాని రాలేదు.

"ఏమన్నది?" అని అడిగాను.

"ముందుగాలనే చెప్తే నేనేమన్న కొరుకుదునా అన్నది. నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రన్నది. తిట్టింది, మంచిగనే తిట్టింది. తర్వాత ఏడ్చింది."

"నువ్వు?"

"కూసున్న. ఎన్ని దవాఖానలు తిరిగినమో అడిగింది. అన్నీ చెప్పిన."

ఆ రాత్రి పెట్టెలో నా పాత లుంగీ పరిచాం. కొత్త వాసనకు కుక్కపిల్ల తొలి రాత్రి కంటే గట్టిగా ఏడ్చింది. వాకిట్లో మంచం కిర్రుమంది.

"ఏందే ఆ కుక్క లొల్లి? మనుషుల్ని పండనియ్యదా?"

నా భార్య పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి వంగింది. "నీ చీర గుంజుకున్నవు గదవ్వా, అందుకే ఏడుస్తాంది!"

"కుక్కకు చీరెందుకే," అంది అవ్వ. ఇంకేదో గొణుక్కుంటూ అటు తిరిగి పడుకుంది. కుక్కపిల్ల ఏడుస్తూనే ఉంది. నా భార్య దాన్ని ఎత్తుకుని వచ్చి, డాబా మీద చాప పరచమని నాతో మామూలు గొంతుతోనే చెప్పింది.